అబార్కెజ్ వాటా

రువెల్ అబార్కెజ్ పేరెత్తితే చాలు, తెర్యో చేతిలో చెంచా ఆగిపోయేది. అల్లం వేసిన కోడి జావ వేడిగా తినకపోతే తిన్నట్టే కాదు. అయినా ఆ మనిషి గిన్నె పక్కకు నెట్టి, మీసానికి అంటిన మెతుకు కూడా తుడుచుకోకుండా వాదనకు దిగేవాడు. మనీలా పక్కనున్న మలబోన్‌లో, చేపల మార్కెట్ వెనక ట్రైసికిల్ స్టాండు పక్కన నా కొట్టు. మోటారుసైకిలు పక్కన డబ్బా తగిలించుకుని బతికే ఈ ముప్పైమందీ పొద్దున్నే నా దగ్గరే తింటారు, నా దగ్గరే అరుచుకుంటారు. పాతికేళ్ళుగా వాళ్ళ అరుపులు వింటున్నాను. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేయడం నాకు బాగా అలవాటు. తెర్యో వాదన మాత్రం అలా వదల్లేకపోయాను.

వాదన ఇది. బాల్సా సార్డీన్స్ అనే డబ్బా చేపల కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టులో అబార్కెజ్ తొమ్మిదేళ్ళు ఆడాడు. స్టారంటే అతనే. గోడల మీద అతని బొమ్మ, పిల్లల చొక్కాల మీద అతని నంబరు. ఆ తొమ్మిదేళ్ళలో జట్టు ఒక్కసారి కూడా ఫైనల్ ముఖం చూడలేదు. రెండేళ్ళ కిందట అతన్ని వేరే జట్టుకు ఇచ్చేసి, బదులుగా ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చుకున్నారు. అతను పోయిన మొదటి ఏడే ప్లేఆఫ్స్‌లో సెమీస్ దాకా వెళ్ళారు. ఈ ఏడు ఏకంగా ఫైనల్స్. మరి ఇందులో అబార్కెజ్ వాటా ఎంత?

"సున్నా," అనేవాడు బోయెట్. బోయెట్ స్టాండు సంఘానికి అధ్యక్షుడు. వాడి బండికి బ్రేకులున్నాయి గాని నోటికి లేవు. "వాడి పిర్ర మీద పుట్టుమచ్చ ఉందన్నా, రాసిస్తా."

మా దగ్గర దురదృష్టాన్ని వెంటేసుకు తిరిగేవాడికి అక్కడ మచ్చ ఉంటుందంటారు. మన జట్టు ఓడిపోతుంటే టీవీ ముందున్నవాళ్ళలో ఆ మచ్చ ఎవడికుందో తేల్చి బయటికి నెట్టేదాకా ఊరుకోరు.

"నువ్వు చూశావట్రా?" అన్నాడు తెర్యో.

"చూసేదేంటి? వాడు పోయాడు, పీడ పోయింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"ఏడో నంబరు కుర్రాడు తల తిప్పకుండా ఎడం చేత్తో వెనక్కి బంతి వేస్తాడు చూడు, అది ఎవరిది? అబార్కెజ్ పోకముందు రెండేళ్ళు బెంచీ మీద అతని పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. బంతి బుట్టలో వేసినోడి పేరు రాస్తారు. వాడికి అందించినోడి పేరూ రాస్తారు. ఆ అందించినోడికి అందించినోడి పేరు ఎక్కడ రాస్తారు? రాయరు. రాయనంత మాత్రాన అందించలేదనేనా?"

"సరే అన్నా, ఒప్పుకుంటా. వాడు చేసిన మేలు ఒకటుంది. పొమ్మనగానే నోరెత్తకుండా పోయాడు. అదే వాడి వాటా!"

అందరూ బల్లలు చరిచి నవ్వారు. తెర్యో కూడా నవ్వబోయి, గిన్నె దగ్గరకు లాక్కుని చల్లారిన జావ తినడం మొదలుపెట్టాడు. తనేమన్నాడో బోయెట్‌గాడికి ఆ క్షణంలో తోచలేదు గాని నాకు ఒళ్ళు మండింది. వాడి గిన్నెలో రెండోసారి కోడిముక్క వెయ్యలేదు.

తెర్యో పూర్తి పేరు ఎలెవుతెర్యో మగ్‌సినో. కుర్రతనంలో రబ్బరు చెప్పులేసుకుని ఆడినా మా వీధిలో అతన్ని ఆపగలిగినవాడు లేడు. తర్వాత ఆడటం మాని ఆడించడం మొదలుపెట్టాడు. పేట జట్టుకు కోచ్. చేపల రేవులో మోతకూలీ పని ఉండేది. పోటీల కాలం వస్తే ఆ పని ఉన్నట్టా లేనట్టా అన్నది అతనికే తెలిసేది కాదు. అతని పెళ్ళాం నింఫా మార్కెట్లో చేపలమ్మేది. నోరుగల మనిషే గాని మొగుణ్ణి పల్లెత్తు మాట అనేది కాదు. వాళ్ళకు ఒక్కతే పిల్ల, క్రిసెల్. తెర్యో ఆ పిల్లను భుజాన ఎక్కించుకుని ప్రతి ఆటకూ తీసుకెళ్ళేవాడు. తాగుడు లేదు, కొట్టడం లేదు, ఇంకో ఆడదాని ఊసు లేదు. అతని మీద చెప్పడానికి నేరమంటూ ఏదీ ఉండేది కాదు, ఆ తుఫాను రోజు వరకు.

ఆ రోజు పొద్దున నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. మలబోన్‌లో పోటు నీళ్ళు చీలమండల దాకా రావడం వార్త కాదు. పక్క పేటలో అతని జట్టుకు ఫైనల్ ఉంది. "ఇవాళ వెళ్ళకు," అంది నింఫా. "పొద్దుగూకేలోపు కప్పు పట్టుకుని వస్తాను," అని తెర్యో వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి వంతెన మునిగింది. ఆట జరగనే లేదు. తెర్యో అక్కడే, పైన రేకులు వేసిన మైదానంలో స్టేజీ మీద, పొడిగా, మిగతా కుర్రాళ్ళతో కలిసి కూర్చుని వాన తగ్గుతుందని చూశాడు. ఇక్కడ నింఫా ఎనిమిదేళ్ళ పిల్లను పట్టుకుని ఇంటి రేకుల కప్పు మీద పదహారు గంటలు కూర్చుంది. నేను మా మేడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఏరులా నీళ్ళు. పిల్ల వీధి చివరకే చూస్తోంది. నేను అరిచి ధైర్యం చెప్పినా నా వైపు తలతిప్పలేదు.

మర్నాడు తెర్యో నడుంలోతు నీళ్ళలో ఈదుకుంటూ నడుచుకుంటూ వచ్చాడు. నింఫా ఏడవలేదు, తిట్టలేదు. బురద దిగాక, వారం తర్వాత, అతని బట్టలు ఉతికి ఆరేసి మడతపెట్టి బియ్యం సంచిలో సర్దింది. గుమ్మంలో పెట్టింది.

"నువ్వు చెడ్డోడివి కాదు తెర్యో," అంది. "కానీ నువ్వుంటే నేను ఇద్దరు పిల్లల్ని పెంచాలి. నువ్వెళ్తే ఒక్క పిల్లనే పెంచుతాను."

అతను సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. గొడవ చేసి ఉంటే బాగుండేదేమో. నోరెత్తకుండా పోయాడు.

ఆ తర్వాత ఆ ఇల్లు బాగుపడింది. ఈ మాట చెప్పడానికి నాకు మనసొప్పదు గాని నిజం నిజమే. రెండేళ్ళకు పడవలకు వెల్డింగు చేసే రోడెల్ ఆ ఇంటికి వచ్చాడు. మా దేశంలో విడాకులు లేవు గనక పెళ్ళి కాలేదు, కాపురం మాత్రం చేశారు. రోడెల్ తన చేతులతో సిమెంటు ఇటుకలు పేర్చి ఇంటి నేలను నాలుగడుగులు లేపాడు. పైన గది వేశాడు. పిల్ల క్లాసులో ఫస్టు రావడం మొదలైంది.

తెర్యో మా స్టాండుకు వచ్చి ట్రైసికిల్ పట్టాడు. క్రిసెల్ హైస్కూలుకు వచ్చిన రోజున నింఫా దగ్గరకు వెళ్ళి ఒక్కటే అడిగాడు, పిల్లను బడికి తను దింపుతానని. నింఫా సరేనంది. ఆరేళ్ళు దింపాడు. జ్వరమొచ్చినా మానలేదు. పొద్దున్నే ఆ సీటు తుడిచి, పిల్ల దిగాకే మొదటి బేరం ఎక్కించుకునేవాడు. పిల్ల దారంతా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకునేది. మాటలు తక్కువ. కాలేజీకి మనీలా వెళ్ళడంతో అదీ అయిపోయింది. ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది, ఎవరి వాటా గురించి అతను జావ చల్లారబెట్టుకునేవాడో.

ఏడు ఆటల ఫైనల్స్‌లో మూడోది అయిన మర్నాడు సివిల్ ఇంజనీర్ల లైసెన్సు పరీక్ష ఫలితాలు వచ్చాయి. బోయెట్ ఫోన్‌లో పేర్లు పైకీ కిందికీ జరుపుతూ ఒక్కసారిగా బెంచీ ఎక్కాడు.

"మగ్‌సినో, క్రిసెల్! ఉంది! తెర్యో అన్నా, నీ కూతురు ఇంజనీరు!"

తెర్యో ఆ ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తర్వాత బయటికి వెళ్ళి, తన బండి డబ్బాలో, ఆ పిల్ల కూర్చునే చోట, కాసేపు కూర్చున్నాడు.

మా పేటల్లో పిల్లలు ఇలాంటి పరీక్ష గట్టెక్కితే సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టాల్సిందే. పిల్ల ఫొటో, పేరు ముందు ఇంజనీరనో టీచరనో పెద్దక్షరాలు, కింద 'గర్వించే తల్లిదండ్రులు' అని రెండు పేర్లు. ఇల్లు కూలిపోతున్నా ఫ్లెక్సీ మానరు. ఆ సాయంత్రం తెర్యో సిగరెట్టు పెట్టె అట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాని మీద తన పేరు పూర్తిగా, అక్షరం అక్షరం విడదీసి రాసి ఉంది.

"అక్కా, నింఫా కనబడితే ఇస్తావా? నా పేరు పొడుగు కదా. ఫ్లెక్సీ కొట్టువాళ్ళు తప్పులేస్తారు."

నేను ఇచ్చాను. నింఫా చదివి, గౌనుకు కట్టుకున్న గుడ్డ జేబులో పెట్టుకుని, "ఇవాళ రొయ్యలు బాగున్నాయి, తీసుకో సలింగ్," అంది. అంతే. అక్కడికి నాకు తెలిసిపోయింది. అయినా తెర్యో వచ్చి, "ఏమంది?" అని అడిగితే, "భద్రంగా జేబులో పెట్టుకుంది," అని చెప్పాను. అబద్ధం కాదు గదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అబద్ధం కంటే పాపిష్టి మాట అది.

రెండు రోజులకు ఫ్లెక్సీ లేచింది. 'ఇంజనీర్ క్రిసెల్ ఎస్. మగ్‌సినో. గర్వించే తల్లిదండ్రులు: నింఫా, రోడెల్.'

తెర్యో బేరం మీద వెళ్తూ చూశాడు. బేరం దింపి తిరిగొస్తూ మళ్ళీ చూశాడు. కొట్టుకు వచ్చి మంచినీళ్ళడిగాడు. నేను గ్లాసు నింపి ఇచ్చాను. చివరకు బోయెట్టే నోరు తెరిచాడు.

"అన్నా, ఒకటి చూశావా? దాని మీద అన్నిటికంటే పెద్దక్షరాలు ఎవరివి? మగ్‌సినో! ఎవడి ఇంటిపేరది?"

తెర్యో ముఖంలోకి కాస్త రంగొచ్చింది. "నేనూ అదే అనుకున్నారా," అన్నాడు.

బోయెట్ వాగుడుకాయే గాని రాతి గుండె కాదు. మర్నాడే సంఘం తరఫున ఇంకో ఫ్లెక్సీ కొట్టించి స్టాండు మీద కట్టించాడు. క్రిసెల్ ఫొటో పెద్దది. 'మా సంఘ సభ్యుడు శ్రీ ఎలెవుతెర్యో మగ్‌సినో కుమార్తెకు ట్రైసికిల్ డ్రైవర్ల అభినందనలు.' కింద కుడి మూలన తెర్యో ఫొటో, లైసెన్సు కార్డు మీదది, ఉలిక్కిపడ్డట్టు కళ్ళు పెద్దవి చేసి. పేరులో ఒక్క తప్పు లేదు. మూడు రోజులు తెర్యో ప్రతి ప్రయాణికుణ్ణీ దాని కిందే దింపాడు. చర్చికి వెళ్ళాల్సినవాళ్ళను కూడా చుట్టు తిప్పి అక్కడికి తెచ్చాడు. ఆ మూడు రోజులు అబార్కెజ్ ఊసే ఎత్తలేదు. జావ వేడిగా తిన్నాడు.

నాలుగో రోజు పొద్దున పదింటికి క్రిసెల్ నడుచుకుంటూ వచ్చింది. "బాగున్నావా సలింగ్ అత్తా," అని నన్ను పలకరించి, తెర్యో ముందు నిలబడింది. ఎదురుగా నిలబడితే ముక్కూ నుదురూ అచ్చం అతనివే.

"ఇంజనీరు గారొచ్చారు!" అని లేచాడు తెర్యో. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇది తీసేయగలరా?" అంది పిల్ల, పైకి చూపిస్తూ.

"అక్షరాల్లో తప్పు పడిందా?"

"తప్పేం లేదు."

బోయెట్ ముందుకొచ్చాడు. "అమ్మా, ఇది మీ నాన్న కట్టింది కాదు, సంఘానిది. మేమంతా సరదా పడి..."

"తెలుసు మామయ్యా. మీ అందరి అభిమానానికీ థాంక్స్. కానీ రోడెల్ నాన్న మూడు రోజులుగా ఈ దారిన రావడం లేదు. పనికి మార్కెట్ చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. ఒక్క మాటనలేదు. ఎప్పుడూ అనడు. రాత్రి వెల్డింగులు కూడా ఒప్పుకుని నన్ను చదివించాడు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే తడిగుడ్డ వేసుకుని పడుకునేవాడు. ఒక పిల్లకి రెండు ఫ్లెక్సీలేంటని మార్కెట్లో నవ్వుతున్నారు. ఆయన తలొంచుకుని వెళ్తుంటే నేను చూడలేను."

"తీసేస్తాలే తల్లీ," అన్నాడు తెర్యో వెంటనే. స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. ఒక తాడు విప్పాడు. రెండోది విప్పబోతూ ఆగాడు. స్టూలు మీద నుంచే, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"ఒక్కటి అడగనా? నువ్వింతదానివయ్యావు. అందులో నాది... ఏ కాస్తన్నా ఉందా? గతుకులొచ్చినప్పుడు బండి ఆపేసేవాణ్ణి, నీ గీత వంకర పోకూడదని. ఆరేళ్ళు. నీకు గుర్తుందో లేదో."

క్రిసెల్ వేలాడుతున్న తాడు కొస పట్టుకుంది. లేదని అనేస్తే బాగుండునని దణ్ణం పెట్టుకున్నాను. ఉంది నాన్నా, బండి మర్చిపోలేదు అంటే ఇంకా బాగుండును. కానీ అబద్ధమాడటం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"ఉంది," అంది. "ఆ రోజు రేకుల కప్పు మీద కూర్చుని నువ్వొస్తావని చూశాను. పదహారు గంటలు చూశాను. నువ్వు రాలేదు. ఇక ఎవరూ రారని అప్పుడే తెలిసింది. నీళ్ళు రాని ఇల్లు నేనే కట్టుకోవాలనుకున్నా. ఎప్పుడు పుస్తకం మూసేద్దామనిపించినా ఆ రోజే గుర్తుకు తెచ్చుకున్నా. నువ్వు వచ్చుంటే నేను ఇంజనీరు అయ్యేదాన్ని కాదేమో. నీ వాటా అదే."

వచ్చిన దగ్గర్నుంచీ తండ్రిని 'మీరు' అంటున్న పిల్ల, ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు మాత్రం 'నువ్వు' అంది. ఎనిమిదేళ్ళ పిల్ల అన్నట్టే అంది. తర్వాత ముంజేత్తో ముక్కు తుడుచుకుని, స్టూలు కదలకుండా పట్టుకుంది. తెర్యో రెండో తాడు విప్పి దిగేదాకా పట్టుకునే ఉంది. "వస్తానండీ," అని వెళ్ళిపోయింది.

తెర్యో ఫ్లెక్సీని నేల మీద పరిచి, దుమ్ము దులిపి, పిల్ల ముఖం మడత పడకుండా జాగ్రత్తగా చుట్టాడు. బోయెట్ సాయానికి వస్తే వద్దన్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం ఫైనల్స్ ఏడో ఆట. నా కొట్టులో టీవీ ముందు కాలు పెట్టే చోటు లేదు. చివరి అర నిమిషంలో ఏడో నంబరు కుర్రాడు తల తిప్పకుండా ఎడం చేత్తో వెనక్కి బంతి వేశాడు, వెనకవాడు అందుకుని బుట్టలో వేశాడు, బాల్సా గెలిచింది. ఇరవై రెండేళ్ళ తర్వాత కప్పు. గిన్నెలు మోగాయి, బండ్ల హారన్లు మోగాయి. బోయెట్ జనాన్ని తోసుకుంటూ మూల బెంచీ మీదున్న తెర్యో దగ్గరకు వెళ్ళి భుజం పట్టి ఊపాడు.

"అన్నా, చూశావా ఆ బంతి? నేనే ఓడిపోయా, ఒప్పుకుంటున్నా. అది అబార్కెజ్ బంతే! వాడు నేర్పకపోతే ఈ కప్పు ఎక్కడిది? అందరూ వినండి, తెర్యో అన్న చెప్పిందే నిజం!"

వాడి గొంతులో ఎక్కడా ఎకసెక్కెం లేదు. ఇంత కాలం అరిచి గోల చేసినవాడు ఓడిపోవడానికి అంతగా ఆరాటపడటం నేనెప్పుడూ చూడలేదు. అందరూ తెర్యో వైపు తిరిగారు. తెర్యో చెంచా కింద పెట్టలేదు. మెల్లగా జావ ఊదుకుంటున్నాడు.

"లేదురా బోయెట్," అన్నాడు. "నువ్వన్నదే నిజం. అతను పోయాకే బాగుపడ్డారు."

ఆ తర్వాత అతను మా కొట్టులో ఏ వాదనలోనూ నోరు విప్పలేదు. వింటాడు, తింటాడు, గిన్నె కడిగే తొట్టిలో వేసి వెళ్తాడు.

వానలు మొదలయ్యాక అందరూ పాత ఫ్లెక్సీలను బండి డబ్బాలకు తెరల్లా కట్టుకుంటారు. తెర్యో కూడా కట్టాడు, బొమ్మ లోపలి వైపుకు వచ్చేలా. వానలో అతని బండి ఎక్కితే ఎదురుగా క్రిసెల్ నవ్వుతూ కనబడుతుంది. కింద మూలన అతని ఫొటో ఉండాల్సిన చోట మాత్రం చతురస్రంగా చిల్లు. బ్లేడుతో శుభ్రంగా కోశాడు. సంచి ముక్క ఏదైనా వేసి కుట్టిస్తానని నేనంటే వద్దన్నాడు. అందులోంచి జల్లు లోపలికి కొట్టి ప్రయాణికుల మోకాళ్ళు తడుస్తాయి. వాళ్ళు తిడతారు. తెర్యో వెనక్కి తిరక్కుండానే క్షమించమని చెప్పి, తుడుచుకోమని ఒక గుడ్డ ఇస్తాడు.